గిటార్ సాధనకు ట్యూనర్, మెట్రోనోమ్: రెండూ కలిసి ఉన్నది కొనాలా, విడివిడిగా కొనాలా?

మీరు రాజోలు దగ్గర ఉంటున్నారు, ఇంటర్ చదువుతున్నారు, స్టీలు తీగల అకూస్టిక్ గిటార్ పట్టి కొద్ది నెలలైంది, క్రిస్మస్‌కు చర్చిలో పాటల వెనక వాయించాలని ఉంది. రెండు వేల రూపాయల లోపు, తీగల శ్రుతి చూపించే ట్యూనర్, లయకు టిక్కులు కొట్టే మెట్రోనోమ్ రెండూ కలిసిన చిన్న యంత్రం కొనాలా, వేర్వేరుగా కొనాలా, లేక ఫోనులో యాప్‌తో గడిచిపోతుందా అన్నది మీ ప్రశ్న. వయొలిన్ నేర్చుకుంటున్న మీ చెల్లెలికి కూడా అదే పనికివస్తుందా అని చివర్లో అడిగారు. అమలాపురంలో పిల్లలకు గిటార్ నేర్పుతూ, పెళ్లిళ్లలో, పండుగల్లో, ఆదివారం ఆరాధనల్లో వాయిస్తూ బతికేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురయ్యేదే.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. గిటార్ తలకు పట్టుకునే క్లిప్ ట్యూనర్ ఒకటి కొనండి. మెట్రోనోమ్‌కు ప్రస్తుతానికి ఫోను చాలు. మిగిలిన డబ్బుతో రెండు సెట్ల తీగలు కొని ఇంట్లో పెట్టుకోండి. నా దగ్గరికి శ్రుతి నిలవడం లేదని వచ్చే గిటార్లలో చాలావాటికి జబ్బు ట్యూనర్ లేకపోవడం కాదు, తుప్పు పట్టిన తీగలు.

రెండూ కలిసిన యంత్రాలు చెడ్డవని కాదు. కోర్గ్ కంపెనీ వాళ్ల టీఎమ్ వరుస లాంటివి ఏళ్ల తరబడి పనిచేస్తాయి, శ్రుతి చూపిస్తూనే లయ కూడా కొడతాయి. తలుపు వేసుకుని గదిలో ఒక్కరే సాధన చేసేవారికి అది మంచి వస్తువే. మీ అవసరం వేరు. ఆ యంత్రం మామూలుగా తనలో ఉన్న మైకుతో వింటుంది, అంటే చుట్టూ ఉన్నదంతా వింటుంది. ఆరాధనకు ముందు చర్చి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కీబోర్డు అతను ఏదో స్వరం నొక్కిపట్టి ఉంచుతాడు, ప్యాడ్ల అతను ఒక్కొక్కటీ కొట్టి చూస్తుంటాడు, ఒకరు మైకులో లెక్కపెడుతుంటారు. అప్పుడు మీ యంత్రం ముల్లు ఎవరి మాట వింటోందో దానికే తెలియదు. తీగకు బదులు కీబోర్డును శ్రుతి చేస్తూ కూర్చున్న పిల్లలను నేను చూశాను. అలాంటి యంత్రాలకు గిటార్ చెక్కకు తగిలించే క్లిప్పు మైకు విడిగా దొరుకుతుంది. అది కూడా కొంటే సమస్య తీరుతుంది, కానీ ఒక వైరు, ఒక పెట్టె, ఒక క్లిప్పు అన్నీ మోయాలి. అంతకన్నా క్లిప్ ట్యూనరే నయం.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది కదా అనుకుంటారు. ఒకసారి ఇలా చేసి చూడండి. మైకుతో వినే ట్యూనర్‌ను, లేదా ఫోనులోని ట్యూనర్ యాప్‌ను, ఇన్వర్టర్ పక్కన పెట్టి గిటార్ ముట్టుకోకుండా తెర చూడండి. చాలాసార్లు ‘జి’ అని స్వరం పేరు వెలుగుతుంది, ముల్లు కాస్త పైకి ఒరిగి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 కంపనాలు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే మోత దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. మంద్రంలో ‘జి’ స్వరం 98. ట్యూనర్ అబద్ధం చెప్పడం లేదు, మనకు అక్కర్లేని నిజం చెబుతోంది. గిటార్ అయిదో తీగ ‘ఎ’ 110 హెర్ట్జ్. ఈ మోతకు మరీ దూరం కాదు. మీరు ఆ తీగ మీటి, అది మెల్లగా ఆరిపోతున్నప్పుడు ముల్లు ఉన్నట్టుండి కిందికి జారిపోయిందంటే తీగ దిగిపోయిందని కంగారుపడి బిగించకండి. రొయ్యల చెరువుల పక్కన ఇళ్లున్నవారికి రాత్రంతా ఏరేటర్ల హోరు కూడా ఉంటుంది, దాని సంగతి చెప్పక్కర్లేదు.

క్లిప్ ట్యూనర్‌కు ఈ గొడవ లేదు. దాని దవడలో కంపనాన్ని విద్యుత్తుగా మార్చే చిన్న పీజో బిళ్ల ఉంటుంది. అది గాలిలోని శబ్దాన్ని కాకుండా చెక్కలోని అదురును పట్టుకుంటుంది. పక్కన డ్రమ్స్ మోగుతున్నా మీ తీగనే చూపిస్తుంది. అందుకే అది చెక్కను గట్టిగా పట్టుకోవాలి. కొందరు అందం కోసం తల అంచున వేలాడేలా పెడతారు, అప్పుడు మందమైన తీగ సరిగా అందదు. రెండు దవడలూ చెక్క మీద పూర్తిగా ఆనాలి, తీగలు చుట్టిన కీలకు తగలకూడదు.

కొనేటప్పుడు చూడవలసినవి ఎక్కువ లేవు. క్రోమాటిక్ అయి ఉండాలి, అంటే పన్నెండు స్వరాలూ చూపించాలి. గిటార్ ఆరు తీగలు మాత్రమే చూపించే రకం మొదటి నెల సుఖంగా ఉంటుంది. ఆ తరువాత పాట పాడేవారి గొంతుకు తగ్గట్టు అర స్వరం దించమంటే అది నోరు మూసుకుంటుంది. తెర సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్నింటికి వెనక వెలుగు ఉండదు, రాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో కనపడవు. కొన్ని రంగురంగుల తెరలు మధ్యాహ్నపు ఎండలో తెల్లబోతాయి. క్రిస్మస్ అంటున్నారు కాబట్టి మీకు చీకట్లో కనిపించేది కావాలి. తెరను తిప్పే మెడ కీలు దగ్గరే ఈ వస్తువులు ఎక్కువగా విరుగుతాయి. కొట్లో దాన్ని నాలుగు వైపులా తిప్పి చూడండి, వదులుగా ఉంటే వద్దనండి.

బ్యాటరీ మాట ఒకటి. చాలా క్లిప్ ట్యూనర్లకు సీఆర్ 2032 అనే నాణెం లాంటి మూడు వోల్టుల సెల్ పడుతుంది. అది పట్టణంలో గడియారాల కొట్టులో దొరుకుతుంది కానీ మీ ఊళ్లో కిరాణా కొట్టులో దొరకకపోవచ్చు. ఒకటి అదనంగా గిటార్ సంచిలో ఉంచుకోండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ సెల్ వాళ్లకు అందనివ్వకండి. మింగితే గొంతులో కాలిన పుండు పడి ప్రాణం మీదికి వస్తుంది. మూతకు మర ఉన్న ట్యూనర్ దొరికితే అదే తీసుకోండి. యూఎస్‌బీతో ఛార్జి చేసే రకాలు కూడా వస్తున్నాయి. బాగానే ఉంటాయి, అయితే లోపలి బ్యాటరీ నీరసించాక మార్చడానికి వీలుండదు.

ఖచ్చితత్వం గురించి పెట్టె మీద రాసింది చూసి మురిసిపోవద్దు. ఒక అర స్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. మామూలు ట్యూనర్లు ఒక సెంటు అటూ ఇటూ అని రాస్తాయి, ఖరీదైన స్ట్రోబ్ రకాలు అందులో పదో వంతు అంటాయి. 110 హెర్ట్జ్ తీగ మీద ఒక సెంటు అంటే హెర్ట్జ్‌లో పదిహేనో వంతు. పిక్కుతో కాస్త గట్టిగా కొడితే తీగ స్వరం అంతకన్నా ఎక్కువే పైకి లేస్తుంది, ఎడమచేతి వేలు ఫ్రెట్ మీద, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ దగ్గర, గట్టిగా నొక్కినా లేస్తుంది. గిటార్ రిపేరు చేసేవారికి స్ట్రోబ్ కావాలి. మీకు అక్కర్లేదు.

దానికి బదులు కొట్లో ఒక పరీక్ష చేయండి. ట్యూనర్ తగిలించి ఆరో తీగ, అంటే అన్నింటికన్నా మందమైన ‘ఇ’, మెత్తగా మీటండి. దాని స్వరం సుమారు 82 హెర్ట్జ్, చవక ట్యూనర్లన్నీ తడబడేది అక్కడే. పేరు వెంటనే చూపించి, ముల్లు ఒక చోట నిలిచి, తీగ ఆరిపోయేదాకా అక్కడే ఉంటే మంచి వస్తువు. ‘ఇ’ అని, మరుక్షణం ‘బి’ అని, మళ్లీ ‘ఇ’ అని గెంతుతుంటే అది తీగ అసలు స్వరాన్ని వదిలి అందులో కలిసి మోగే పై స్వరాలను పట్టుకుంటోంది. పక్కనున్న ఇంకోటి అడగండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో వాద్యాల కొట్టుకు వెళ్తే మీ గిటార్ వెంట తీసుకెళ్లడం దీనికోసమే. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి.

కొన్న తరువాత అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ట్యూనర్ మీద ఒక మూల 440 అని చిన్న అంకె ఉంటుంది. మధ్య స్థాయిలోని ‘ఎ’ స్వరాన్ని ఎన్ని హెర్ట్జ్‌గా లెక్కించాలో ఆ అంకె చెబుతుంది. 440 అంతర్జాతీయ ప్రమాణం, కీబోర్డులన్నీ మామూలుగా అక్కడే ఉంటాయి. సంచిలో బొత్తాం ఒత్తుకుపోయి అది 436 అయితే మీ ఆరు తీగలూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి, ట్యూనర్ పచ్చగా వెలుగుతుంది, కీబోర్డుతో మాత్రం అపశ్రుతి. నాలుగు హెర్ట్జ్ అంటే దాదాపు పదహారు సెంట్లు, ఎవరికైనా వినపడే తేడా. ‘ట్యూనర్ పాడైంది’ అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి నేను చేసిన వైద్యం ఆ అంకెను 440కి తిప్పడమే.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. కొన్ని పాత చర్చిల్లో, భజన మందిరాల్లో ఇంకా హార్మోనియమే ఉంటుంది. దాని రీడ్లు కాలం గడిచేకొద్దీ జరిగిపోయి ఉంటాయి, దాన్ని మీరు తిప్పలేరు. అప్పుడు హార్మోనియం ‘ఎ’ మెట్టు నొక్కించి ఫోను యాప్‌తో ఎంత ఉందో చూసి, మీ ట్యూనర్‌ను ఆ అంకెకు మార్చి గిటార్‌నే దానికి కలపాలి. మారిన అంకెను ఇంటికి వచ్చాక వెనక్కి తిప్పడం మరవకండి.

ట్యూనర్ వాడే పద్ధతి చిన్నదే కానీ నూటికి తొంభై మంది తప్పు చేస్తారు. తీగను మెత్తగా మీటండి. మీటిన క్షణంలో స్వరం కొంచెం ఎక్కువగా పలికి తరువాత కుదురుకుంటుంది, ఆ కుదురుకున్న చోటే చూడాలి. స్వరం పైకి పోతే కిందికి వదిలి అక్కడే ఆపేయకండి. కావలసిన దానికంటే ఇంకా కిందికి దించి, మళ్లీ బిగిస్తూ పైకి రండి. వదిలి ఆపితే కీలో మిగిలిన సందు రెండు పాటలయ్యేసరికి తీగను ఇంకా జార్చేస్తుంది. ఇంకొకటి: ట్యూనర్ ‘ఇ’ అని చెబుతుంది, ఏ స్థాయి ‘ఇ’యో చాలా ట్యూనర్లు చెప్పవు. మూడో తీగ ‘జి’ బాగా వదులై ‘డి’ అని చూపిస్తుంటే బిగించాలి, ‘ఎ’ అని చూపిస్తుంటే వదలాలి. దిక్కు తప్పి ‘ఎ’ నుంచి పైకి బిగించుకుంటూ పై ‘జి’ కోసం వెళితే తీగ తెగి చెంప మీద కొడుతుంది. చెవికి అనుమానం వచ్చినప్పుడు కీ తిప్పడం ఆపేయండి.

ఇక ట్యూనర్ పచ్చగా ఉన్నా కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, బాగోలేని సందర్భం. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర గాలికి ఇందులో పెద్ద వాటా ఉంది. అంతర్వేది వైపు సముద్రపు గాలి, ఏడాదంతా కాలువలు, చెరువులు, వరిచేలు, అందులో వానాకాలం. గిటార్ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. పై పలక కొద్దిగా లేస్తుంది, దానితోపాటు తీగల కింది కొనలను పట్టి ఉంచే బ్రిడ్జి లేస్తుంది, తీగలు ఫ్రెట్ల నుంచి ఎత్తుగా నిలుస్తాయి. ఎత్తుగా ఉన్న తీగను నొక్కినప్పుడు అది ఎక్కువ సాగుతుంది, సాగితే స్వరం ఎక్కుతుంది. అందుకే తీగలు విడిగా మీటితే ట్యూనర్ ఒప్పుకుంటుంది, ‘ఎఫ్’ కార్డు పట్టగానే చెవి ఒప్పుకోదు. గిటార్‌ను గోడకు తగిలించకుండా పెట్టెలోనో మందపాటి సంచిలోనో ఉంచి, అందులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు పడేయండి. చెక్కకు దాదాపు యాభై శాతం తేమ హాయిగా ఉంటుంది. మన వర్షాకాలంలో అది దొరకదు, దగ్గరగా ఉంచితే అదే పదివేలు.

తీగల సంగతి అంతకన్నా ముఖ్యం. సన్నని రెండు స్టీలు తీగలు ముందు గరుకెక్కుతాయి, తరువాత మచ్చలు పడతాయి. తుప్పు, చెమట, మురికి తీగ పొడవునా సమానంగా ఉండవు కాబట్టి తీగ బరువు ఒక్కో చోట ఒక్కోలా మారుతుంది. అలాంటి తీగను ప్రపంచంలోని ఏ ట్యూనరూ అన్ని ఫ్రెట్లలో సరిచేయలేదు. పరీక్ష సులువు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఊరికే తాకించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అదే ఫ్రెట్‌లో నొక్కి మీటండి. ట్యూనర్ రెండింటినీ ఒకేలా చూపించాలి. నొక్కినది బాగా ఎక్కువగా చూపిస్తే ముందు తీగలు మార్చండి. కొత్త తీగలతోనూ అలాగే ఉంటే బాగుచేసేవారికి చూపించండి. వాయించడం అయ్యాక పొడి గుడ్డతో ఒక్కో తీగను కింద నుంచి పట్టి తుడిస్తే తీగల ఆయుష్షు బాగా పెరుగుతుంది. పూత పూసిన తీగలు ఖరీదెక్కువైనా మన గాలికి అవే లెక్కకు చవక.

మూడో తీగ కీ తిప్పుతున్నప్పుడు ‘టిక్’ మని శబ్దం వచ్చి స్వరం గెంతితే నట్టు గాడిలో, అంటే మెడ పైకొనన తీగలు ఆనే పట్టీ గాడిలో, తీగ ఇరుక్కుంటోందన్నమాట. తీగ వదులు చేసి ఆ గాడిలో పెన్సిల్ ముక్కు నాలుగుసార్లు రుద్దండి. గ్రాఫైట్ నూనెలా పనిచేస్తుంది.

మీరు నరసాపురం వెళ్లి వాయించాల్సి వచ్చి సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కితే, ఎండలో గిటార్ సంచి వేడెక్కుతుంది. వేడికి స్టీలు సాగి స్వరం దిగుతుంది. చేరగానే ఆత్రంగా బిగించి శ్రుతి చేస్తే, హాలులో ఫ్యాను కింద చల్లబడేసరికి ఆరు తీగలూ ఎక్కి కూర్చుంటాయి. సంచి తెరిచి గిటార్‌ను కాసేపు ఆ గదిలో ఉండనిచ్చి అప్పుడు ట్యూనర్ తగిలించండి. కేపో, అంటే మెడ మీద తీగలన్నింటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెట్టిన తరువాత కూడా ఒకసారి చూడాలి, కేపో నొక్కుడుకు తీగలు కొంచెం ఎక్కుతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక చిన్న తేడా మిగిలిపోతుంది, దాన్ని వదిలేయాలి. ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. అందులో మేజర్ కార్డు గాంధారం దాని మూల స్వరానికి 400 సెంట్ల పైన ఉంటుంది, చెవికి తీయగా కలిసే సహజ గాంధారం 386 దగ్గర. ‘ఇ’ మేజర్ కార్డు తీయగా వినపడాలని మూడో తీగను కొంచెం దించినవారు వెంటనే ‘సి’ కార్డు పట్టి చూడాలి. అక్కడ అదే తీగ విడిగా మోగుతుంది, దిగిపోయి వినిపిస్తుంది. అందరికీ తలా కొంచెం అన్యాయం చేసి ఎవరికీ పూర్తి అన్యాయం చేయని పద్ధతి అది. ట్యూనర్ చెప్పినచోట ఆగిపోండి.

మెట్రోనోమ్ గురించి ఇంత చెప్పాల్సింది లేదు. 1815లో మెల్జెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్న చెక్క గోపురం రకం ఇప్పటికీ దొరుకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. బల్ల ఏమాత్రం ఒరిగినా కుంటుతుంది. బొమ్మగా కొనుక్కోవచ్చు. ఎలక్ట్రానిక్ రకంలో వందల తాళాలు, ఇరవై శబ్దాలు ఉన్నాయని చెబితే చెవిన పెట్టకండి. మూడు చూడండి. గిటార్ గట్టిగా వాయిస్తున్నప్పుడు కూడా దాని టిక్కు వినపడాలి. వేగం మార్చడానికి ఒక్క చక్రమో ఒక్క బొత్తామో ఉండాలి, మెనూలు కాదు. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉండాలి, లేకపోతే ఇంట్లోవాళ్లు మీ మెట్రోనోమ్‌ను కాలవలో పడేస్తారు. వేగం హద్దుల్లో పై అంకెకన్నా కింది అంకె చూడండి. నిమిషానికి 250 కొట్టగలగడం ఎవరికీ అక్కర్లేదు, 30 దాకా దిగగలగడం అవసరం. ఎందుకో కింద చెబుతాను.

ఈ మూడూ ఫోను యాప్ ఉచితంగా ఇస్తుంది, అందుకే ఇప్పుడే డబ్బు పెట్టవద్దన్నాను. రెండు జాగ్రత్తలు చాలు. సాధనకు ముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మెసేజ్ శబ్దం టిక్కును మింగేస్తుంది, దానికన్నా ముందు మీ మనసును మింగేస్తుంది. తెర ఆరిపోయాక యాప్ తడబడినా, ఆగిపోయినా ఫోను బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు దాన్ని అణచేస్తోందన్నమాట, ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల గురించి చాలామంది భయపెడతారు. శబ్దం ఆలస్యంగా వచ్చే మాట నిజమే, కానీ ప్రతి టిక్కూ అంతే ఆలస్యమవుతుంది కాబట్టి మధ్య ఎడం మారదు. ఒంటరిగా వింటూ వాయించడానికి ఇబ్బంది లేదు. తెర మీద మెరుపు చూస్తూ వాయించినా, ఫోనులోనే రికార్డు చేసినా తేడా తెలుస్తుంది, అప్పుడు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ సాధన మానేసి వేరే లోకంలోకి వెళ్లిపోయే స్వభావం మీదైతే మాత్రం విడి మెట్రోనోమ్ కొనడం మంచి ఖర్చు. అది మీకే తెలుస్తుంది.

వాడే తీరు చెప్పకుండా వదిలేస్తే కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే. మీ దశలో లయ తప్పేది కార్డు మారే చోట. ‘జి’ నుంచి ‘సి’కి వెళ్లేటప్పుడు ఎడమచేతి వేళ్లు చోటు వెతుక్కునేదాకా కుడిచెయ్యి ఆగి ఎదురుచూస్తుంది. పాట పాడేవారు మాత్రం ఆగరు. మెట్రోనోమ్‌ను 50లో పెట్టి, ఎడమచెయ్యి చేరినా చేరకపోయినా కుడిచెయ్యి ప్రతి టిక్కుకూ కిందికి పడి తీరాలని పట్టు పట్టండి. మొదట్లో ఖాళీ తీగలు, మూసుకుపోయిన తీగలు మోగి వికారంగా ఉంటుంది. ఉండనివ్వండి. ఎడమచెయ్యి సిగ్గుపడి త్వరపడుతుంది. తప్పు లేకుండా కొన్నిసార్లు వరుసగా వచ్చాకే నాలుగంకెలు పెంచండి. టిక్కు మీ దెబ్బలో కలిసిపోయి వినపడకుండా పోతే సరిగ్గా పడినట్టు, పక్కన విడిగా వినిపిస్తుంటే మీరు ముందో వెనకో ఉన్నట్టు.

తరువాతి మెట్టుకు ఆ కింది అంకె కావాలి. పాట నిమిషానికి 80 మాత్రల్లో నడుస్తుంటే యంత్రాన్ని 40లో పెట్టి, ఆ టిక్కులను రెండో, నాలుగో మాత్రలుగా లెక్కించండి. మొదటి మాత్రను మీరే మోయాలి. పాట ఇంకా నెమ్మదైనదైతే 30 దాకా వెళ్లాల్సి వస్తుంది. లయ మీలో ఉందా, యంత్రంలో ఉందా అన్నది ఇక్కడ తేలిపోతుంది.

మన కీర్తనల్లో, జానపదాల్లో ఆరు మాత్రల ఊపు ఎక్కువ. యాప్‌లో 6/8 అని పెట్టి ఆరు టిక్కులూ వింటూ వాయిస్తే పాట మరమిల్లులా ఉంటుంది. దానికి బదులు మూడేసి మాత్రలకు ఒక్క టిక్కు పెట్టుకోండి. నిమిషానికి 60 టిక్కులు, ఒక్కో టిక్కు లోపల ‘తకిట’ మీరు నింపుకోండి. అయిదు మాత్రల ఖండచాపు, ఏడు మాత్రల మిశ్రచాపు కావాలంటే మొదటి మాత్రను విడి శబ్దంతో కొట్టే యాప్ ఎంచుకోండి, చాలావాటిలో ఆ ఏర్పాటు ఉంటుంది. గిటార్ మీద మన సంగీతం ఎందుకు అనుకోకండి. ఫ్రెట్లున్న పాశ్చాత్య వాద్యాన్ని కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించిన మాండొలిన్ యు. శ్రీనివాస్ మీకు వసిష్ఠ గోదావరి అవతలి ఒడ్డునున్న పాలకొల్లులో 1969లో పుట్టారు. మాండొలిన్‌కు మామూలుగా ఉండే జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నారు. జంట తీగలను ఒక్కటిగా శ్రుతి చేసి నిలబెట్టడం ఎంత కష్టమో పన్నెండు తీగల గిటార్ పట్టినవారిని అడగండి.

రేపు ఎలక్ట్రిక్ గిటార్ కొని వేదిక ఎక్కితే కాలి కింద పెట్టే పెడల్ ట్యూనర్ గురించి అప్పుడు ఆలోచిద్దాం. నొక్కగానే శబ్దం బయటికి పోకుండా ఆపి శ్రుతి చేసుకోనివ్వడం దాని సుగుణం. అకూస్టిక్‌కు, అందులోనూ లోపల తీగల శబ్దాన్ని స్పీకరుకు పంపే పికప్ లేనిదానికి, అది అక్కరకు రాదు.

మీ చెల్లెలి వయొలిన్‌కు ఇదే క్లిప్ ట్యూనర్ పనిచేస్తుంది, క్రోమాటిక్ అయితే చాలు. వయొలిన్ తల దగ్గర తగిలించండి, బ్రిడ్జికి వద్దు. ఆమె నేర్చుకునేది కర్ణాటక సంగీతమైతే తీగలు స, ప, స, ప కదా. గురువుగారు రెండు శ్రుతి అంటే షడ్జమం ‘డి’, తీగలు వరుసగా డి, ఎ, డి, ఎ అని చూపించాలి. ఒకటిన్నర అంటే షడ్జమం ‘సి షార్ప్’, పంచమం ‘జి షార్ప్’. షడ్జమాన్ని ట్యూనర్‌తో పెట్టుకుని, పంచమాన్ని మాత్రం తంబురా వింటూ చెవితో కలపమనండి. సహజమైన పంచమం ట్యూనర్ పంచమం కన్నా రెండు సెంట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి, తంబురాతో కలిసిపోయినప్పుడు ముల్లు మధ్యగీతకు వెంట్రుకవాసి పైన నిలుస్తుంది. దాన్ని చూసి ఆమె మళ్లీ కిందికి దించకుండా చూడండి.